రంగం వెళ్ళిన ఇల్లు



చీడికాడ నుండి, మాడుగుల నుండి, చోడవరం నుండి, కొండల అంచున కోనాం చుట్టూ పరచుకొని ఉన్న పల్లెల నుండి ఈ ప్రసంగం వింటున్న సోదరసోదరీమణులకు నేడు నేను విన్నవించబోయేది రంగం కథ. మన పెద్దలు రంగమని పిలిచినది రంగూన్ నగరాన్ని. బర్మా దేశానికి రాజధానిగా, బియ్యపు ఎగుమతికి ప్రపంచంలోనే పేరెన్నికగన్న రేవుగా వెలసిన ఆ నగరానికి, ఒకటి రెండు సంవత్సరాలు కాదు, దాదాపు మూడు తరాలపాటు, ఆనాటి మన విశాఖ జిల్లా నుండి మనుషులు కూలికి వెళ్ళారు.

ఫలానావాడు రంగం వెళ్ళాడు అని మన తాతలు చెప్పుకొనేవారు. వెళ్ళినది ఒక్క మనిషి. నిజమే. కాని ఆ వలసలో పాలుపంచుకొన్నది ఇల్లంతా. అక్కడ రేవులో బస్తా మోసినవాడు ఒకడు. ఇక్కడ పొలాన్ని, పశువును, పసిబిడ్డను, షావుకారు వడ్డీని మోసినది అతని భార్య. రంగం సంపాదన అని మనం చెప్పుకొనే ధనం ఆ ఇద్దరి కష్టఫలం. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచినది ఈ ఒక్క మాటే. దీనిని మధ్యమధ్య మళ్ళీ చెబుతాను, విసుగనుకోకండి.

ముందుగా, వీరు ఎందుకు వెళ్ళారు?

ఆకలికి వెళ్ళారు అని ఒక్క ముక్కలో చెప్పవచ్చు. కాని ఆకలి దేశమంతటా ఉన్నది. దేశమంతా సముద్రం దాటలేదు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారే అంత విరివిగా బర్మాకు పోవడానికి ఇటు ఒక కారణం, అటు ఒక కారణం కలిసివచ్చాయి.

ఇటు సంగతి చూడండి. ఆనాటి విశాఖ జిల్లాలో అధికభాగం జమీందారీల క్రింద ఉండేది. ఈనాడు మన పొలాలకు నీరందించే కోనాం జలాశయం ఆనాడు లేదు. వాన కురిస్తే వరి, కురవకుంటే చోళ్ళు, గంటెలు. అవి కూడ పండని ఏట అప్పు. శిస్తు కట్టడానికి అప్పు, విత్తనానికి అప్పు, పెళ్ళికి అప్పు, చావుకు అప్పు. నేల తక్కువై, నోళ్ళు ఎక్కువై, ఏడాదిలో సగం నెలలు చేతికి పనిలేక కూర్చుండవలసిన కుటుంబంలో నలుగురు అన్నదమ్ములుంటే, ఒకడు ఇల్లు విడిచి పోవడమే మిగిలిన ముగ్గురికి ఆధారమయ్యేది.

అటు సంగతి మరొకటి. 1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను ఆక్రమించారు. ఐరావతీ నది సముద్రంలో కలిసేచోట విస్తారమైన డెల్టా కలదు. అక్కడి అడవులను నరికి వరిపొలాలు చేశారు. 1869లో సూయజ్ కాలువ తెరచిన పిదప ఐరోపా దేశాలకు నౌకాయానం దగ్గరై, ఆ బియ్యానికి గిరాకీ ఇంతింతని చెప్పనలవి కాకుండ పెరిగింది. రంగూన్ నదీతీరాన ధాన్యపు మిల్లులు వరుసగా లేచాయి. రేవులు కట్టారు. అక్కడి రైతుకు తన పొలం పనే తనకు చాలి ఉన్నది. మిల్లులో ఎవరు పనిచేయాలి? నౌకకు బస్తాలు ఎవరు ఎత్తాలి? ఇక్కడ పనిలేని చేతులు. అక్కడ చేతులు లేని పని. రెండింటి నడుమ బంగాళాఖాతం. ఆ సముద్రాన్ని దాటించడానికి పొగనౌకలు వచ్చాయి.

ఇక ప్రయాణం ఎట్లా సాగేదో ఒక్కసారి ఊహించండి.

చీడికాడ వంటి ఊరివాడు చోడవరం మీదుగా అనకాపల్లికి చేరాలి. కాలినడకనో, ఎడ్లబండి మీదనో. 1890 తరువాతి దశాబ్దంలో తూర్పుతీరపు రైలుమార్గం వచ్చినాక అనకాపల్లిలో రైలెక్కి వాల్తేరులో దిగే సౌకర్యం కలిగింది. అక్కడి నుండి విశాఖ రేవు. కాని ఆనాటి రేవు ఈనాటి రేవు కాదు సుమండీ! నౌక గట్టుకు ఆనుకొని నిలిచే ఓడరేవు విశాఖలో ప్రారంభమైనది 1933లో మాత్రమే. అంతకుముందు నౌక దూరాన సముద్రంలో లంగరు వేసుకొని నిలబడేది. జనాన్ని మసూలా పడవలలో అక్కడికి చేర్చేవారు. మసూలా పడవ అంటే మేకులు కొట్టి బిగించినది కాదు. పలకలను కొబ్బరితాడుతో కుట్టినది. కెరటం వచ్చి కొట్టినప్పుడు అది విరగకుండ వంగుతుంది. అంతవరకు చెరువు తప్ప నీరెరుగని మెట్టప్రాంతపు రైతు, భుజాన మూట వేసుకొని, ఆ కుట్టుపడవలో కూర్చుండి, కెరటం మీదికి లేచి, కెరటంతోపాటు దిగి, నౌక ప్రక్కకు చేరి, నిచ్చెన పట్టుకొని పైకెక్కేవాడు. ఇల్లు కనుమరుగైనదని వానికి తెలిసినది అప్పుడే.

నౌకలో వానికి గది లేదు, మంచం లేదు. పైతట్టు మీద, ఎండకు, వానకు, పరచుకొన్న చాపే వాని స్థలం. నౌక భీమిలిలో ఆగుతుంది, కళింగపట్నంలో ఆగుతుంది, బారువలో, గోపాలపురంలో ఆగుతుంది. ఆగినచోటనల్లా మరికొందరు మనవంటివారే ఎక్కుతారు. పిదప తీరం విడిచి తూర్పుకు తిరుగుతుంది.

రంగూన్‌లో దిగినవానిని చేర్చుకొనేవాడు మేస్త్రీ. ఈ మేస్త్రీని గురించి రెండు మాటలు చెప్పాలి. ఏలయన, రంగం బ్రతుకంతా వాని చేతి మీదుగానే నడిచింది. నౌకా వ్యాపారసంస్థ దొర కూలివానిని ఎరుగడు. కూలివాడు దొరను ఎరుగడు. దొర పెద్దమేస్త్రీకి పని అప్పగిస్తాడు; పెద్దమేస్త్రీ తన క్రింది మేస్త్రీకి; అతడు జట్టు మేస్త్రీకి. పని పైనుండి క్రిందికి దిగినట్లే కూలిడబ్బు కూడ పైనుండి క్రిందికే దిగేది. దిగిన ప్రతి మెట్టు మీదను కొంత మిగిలిపోయేది. ఊరిలోనే ఆ మేస్త్రీ మనిషి వచ్చి, టిక్కెట్టుకు, ఇంటిఖర్చుకు, ముందుగా కొంత సొమ్ము ఇచ్చి ఉంటాడు. ఆ బాకీ తీరేవరకు కూలివాడు ఆ జట్టు విడిచి పోరాదు. షావుకారు అప్పు తప్పించుకొందామని సముద్రం దాటినవాడు, అవతలి ఒడ్డున కాలు పెట్టకముందే మేస్త్రీకి బాకీపడి ఉండేవాడు.

అయితే ఆ మేస్త్రీని ఒట్టి దుర్మార్గునిగా చిత్రించడం కూడ న్యాయం కాదు. భాష తెలియని పరదేశంలో పని చూపినవాడు అతడే. పడుకొనే చోటు చూపినవాడు అతడే. జ్వరమొస్తే కషాయానికి కాసిచ్చినవాడు, చనిపోతే కట్టెలకు పూచీపడినవాడు కూడ చాలా సందర్భాలలో అతడే. తెలుగువాడే, ఒక్కొక్కప్పుడు అదే తాలూకావాడు. వానిచేతనే ఆదరువు, వానిచేతనే దోపిడి.

పని మాట చెబుతాను. నదిగట్టున ధాన్యపు మిల్లు. పడవల మీద వచ్చిన ధాన్యం బుట్టలకెత్తి లోనికి మోయాలి. మరలో పడిన ధాన్యం దంపుడై ఊక విడిపోతుంది. ఆ ఊకనే పొయ్యిలో వేసి, ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితోనే మర త్రిప్పుతారు. ఊకదుమ్ము కంటిలో, ముక్కులో, చెమటపట్టిన వీపు మీద పేరుకొంటుంది. మరొక చివర బియ్యపు బస్తాలు. వంగిన వీపు మీద బస్తా పడగానే మనిషి పరుగువంటి నడకతో బల్లవంతెన ఎక్కి, నౌక కడుపులోనికి దానిని దించి, మళ్ళీ పరుగున వస్తాడు. నౌక వస్తే రాత్రనక పగలనక పని. నౌక రాని దినం కూలి లేదు. రిక్షాలు లాగినవారు తెలుగువారు. రోడ్లు వేసినవారు, ఆ మహానగరపు పాకీపని చేసి దానిని జనం బ్రతకదగిన తావుగా నిలిపినవారు కూడ తెలుగువారు. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభా నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులు. వారిలో తెలుగువారిది పెద్ద పాలు.

రాత్రి పడుకొనే తావు మాత్రం ఇరుకు. ఒక్కొక్క గదిలో పదులకొద్దీ మనుషులు. పగటి జట్టు లేచిపోయిన చాప మీద రాత్రి జట్టు వచ్చి పడుకొనేది. ఆ గదులలో ఆడవారు లేరు. పిల్లలు లేరు. ముసలివారు లేరు. శ్రోతలారా, ఈ సంగతిని గుర్తుంచుకోండి: మనవారు రంగానికి కుటుంబాలతో వెళ్ళలేదు. వెళ్ళినవారిలో అత్యధికులు ఒంటరి మగవారు. వంట తామే, బట్ట తామే, రోగమొస్తే ఒకరికొకరు.

మరి కుటుంబం ఎక్కడున్నది? ఇక్కడ, మన ఊళ్ళలో ఉన్నది. ఇప్పుడు కథ ఇటు మళ్ళించాలి.

భర్త రంగంలో ఉన్న ఇంటిలో తెల్లవారుజామున లేచి చోళ్ళు విసిరేది ఆమె. అంబలి కాచి అత్తమామలకు పోసి, పిల్లలకు పోసి, పశువులను తోలి పొలానికి పోయేది ఆమె. దుక్కికి మగదిక్కు కావాలి కనుక, పొరుగువాని నాగలికి బదులుగా వాని పొలంలో తాను ఊడ్పులకు వెళ్ళేది. ఆకుమడి పోయడం, ఊడ్చడం, కలుపు తీయడం, కోయడం, కుప్ప వేయడం, నూర్చడం, తూర్పారబట్టడం. చెరకు ఉన్నచోట గానుగ దగ్గర రాత్రులు జాగారం. శిస్తు గడువు వచ్చినప్పుడు కరణంగారి ఎదుట తలుపు చాటున నిలిచి గడువు అడిగినది ఆమె. షావుకారు వాకిట్లోకి వస్తే, ఇదిగో రంగం నుండి వస్తుంది, వచ్చే నెల తప్పకుండ వస్తుంది అని నమ్మబలికినది ఆమె.

ఒకనాడు అది వచ్చేది. మనియార్డరు.

టపావాడు వీధిలో ఆగగానే ఇరుగుపొరుగు చేరతారు. అతడు సంచిలో నుండి ఫారం తీసి, పేరు చదివి, సాక్షిగా ఒక పెద్దమనిషిని పిలిచి, ఆమె ఎడమచేతి బొటనవ్రేలికి సిరా పూసి ఫారం మీద ఒత్తించి, రూపాయలు లెక్కపెట్టి ఇస్తాడు. ఫారం చివర ఒక చిన్న కూపను ఉంటుంది. సొమ్ము పంపినవాడు నాలుగు మాటలు వ్రాసుకోవడానికి. రంగంలో ఉన్నవానికి చదువు రాదు. అక్కడ చదువుకొన్నవాడెవడో వ్రాసి పెట్టాడు. ఇక్కడ ఆమెకు చదువు రాదు. టపావాడు బిగ్గరగా చదివాడు. ఒకరు చెప్పగా మరొకరు వ్రాసి, ఒకరు చదువగా పదిమంది వినే ఆ ఉత్తరంలో ఆలుమగలు ఏమి చెప్పుకోగలరు? ఆవు ఈనినదా, వాన పడినదా, షావుకారుకు ఎంత కట్టావు, పిల్లవానికి జ్వరం తగ్గినదా, అంతే. మనసులో మాట వ్రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు, చదవడానికి వీధిలో ఏకాంతం లేదు. సంవత్సరాల దాంపత్యం ఆవుల మీదను, వానల మీదను నడిచింది.

ఆ రూపాయలు ఏమయ్యేవి? మొదట వడ్డీకి. పిదప తాకట్టులో ఉన్న పుస్తెలు విడిపించడానికి. ఆ పైన ఇంటికప్పుకు, ఆడపిల్ల పెళ్ళికి. ఈ అన్నింటికి పోగా మిగిలిననాడు, అదృష్టం బాగుంటే, ఎకరమో అరెకరమో నేల. ఆ నేల బేరమాడినది ఆమె. పైసకు పైస కూడబెట్టినది ఆమె. కొన్న తరువాత దున్నించి పండించినది ఆమె. దస్తావేజు మీద పేరు మాత్రం రంగంలో ఉన్నవానిది. కాకుంటే వాని తండ్రిది, లేదా వాని అన్నగారిది. ఈ సంగతిని ఒక్క నిమిషం మనసులో ఉంచుకోండి. దీనితో పని ఉన్నది.

ఇక్కడ మరొక దేశం మాట చెప్పి, మళ్ళీ మన దేశానికి వస్తాను.

ఐరోపా ఖండానికి ఉత్తరపు కొసన, మంచుకొండలకు సముద్రానికి మధ్య, నార్వే అనే దేశం కలదు. దున్నదగిన నేల అక్కడ అత్యల్పం. నూటికి మూడు పాళ్ళు. అక్కడ కూడ ఇంటిలో నలుగురు అన్నదమ్ములుంటే ముగ్గురికి నేల లేదు. 1825లో స్టవాంగర్ రేవు నుండి రెస్టొరేషన్ అనే చిన్న ఓడలో యాభైరెండుమంది అమెరికాకు బయలుదేరారు. వారిలో కుటుంబాలు ఉన్నాయి. దారిలో ఒక బిడ్డ పుట్టి, న్యూయార్కులో దిగేసరికి యాభైముగ్గురయ్యారు. ఆ తరువాతి నూరేళ్ళలో ఎనిమిది లక్షలకు మించిన నార్వేవారు ఆ దారినే పోయారు. విస్కాన్సిన్, మిన్నెసోటా, డకోటా ప్రాంతాలలో స్థిరపడ్డారు.

వారికీ మనవారికీ భేదం ఎక్కడున్నది? నేలలో ఉన్నది. 1862లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అయిదేళ్ళు నివసించి సాగుచేస్తే, కుటుంబానికి నూట అరవై ఎకరాలు సొంతం. ఆ నేల అంతకుముందు అక్కడి ఆదివాసులది. వారిని తరిమి ఇచ్చినది. ఆ పాపం ఆ కథలో ఉండనే ఉన్నది. కాని వచ్చినవాని దృష్టితో చూస్తే, వానికి దొరికినది పట్టా. పట్టా దొరుకుతుందని తెలిసినవాడు భార్యను, బిడ్డలను వెంటబెట్టుకొని పోతాడు. చెట్టులేని మైదానంలో గడ్డిపెల్లలు పేర్చి ఇల్లు కట్టుకొంటాడు. కూలి మాత్రమే దొరికే చోటికి పోయేవాడు ఒంటరిగా పోతాడు. వాని ఇల్లు వెనుకనే ఉండిపోతుంది. నార్వే కుటుంబం సముద్రాన్ని దాటింది. మన కుటుంబం సముద్రానికి రెండు ఒడ్డుల మీద చీలి నిలిచింది.

ఇంకొక భేదం కూడ చెప్పాలి. ఆ అమెరికా చట్టం క్రింద పెళ్ళికాని స్త్రీ గాని, వితంతువు గాని, తన సొంత పేరు మీదనే నేల కోరవచ్చును. నార్వే నుండి వచ్చిన ఆడపడుచులు కొందరు అట్లా కోరి, సాగుచేసి, పట్టా పుచ్చుకొన్నారు. భర్త ఉన్న స్త్రీకి ఆ హక్కు సాధారణంగా లేదు. అయినప్పటికిని ఆమె కడగండ్లను లోకానికి చెప్పినవాడు ఒకడు పుట్టాడు. నార్వే నుండి 1896లో వలసపోయిన బెస్తబిడ్డ ఓలే రోల్వాగ్ వ్రాసిన జెయంట్స్ ఇన్ ది ఎర్త్ అనే నవలలో, కొత్తనేల చూసి పొంగిపోయే భర్త ఒకవైపు ఉంటే, ఆ దిక్కులేని మైదానంలో మనసు చెదరిన భార్య మరొకవైపు ఉన్నది. రంగం వెళ్ళిన ఇంటిలో మిగిలిన మన స్త్రీ కథకు అంతటి గ్రంథం ఇంకా రావలసి ఉన్నది.

సరే, మళ్ళీ రంగానికి పోదాం.

కూలికి పోయినవాడు పరదేశంలో ఎవరికీ శత్రువు కాడనుకొంటాం. కాని కాలం చెడినప్పుడు కూలివాడే కంటికి కనబడే శత్రువు. 1930 నాటికి ప్రపంచమంతటా ధరలు పడిపోయాయి. ధాన్యం ధర పడగానే బర్మా రైతు అప్పులపాలై, పొలం వడ్డీవ్యాపారికి పోగొట్టుకొని, కూలికోసం పట్నానికి వచ్చాడు. వచ్చి చూస్తే రేవు పని అంతా తెలుగువారి చేతిలో ఉన్నది. ఆ ఏడు మే నెలలో మన రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. నౌకా వ్యాపారులు వారి స్థానంలో బర్మావారిని పెట్టుకొన్నారు. పిదప సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనికి రాగానే, బర్మావారిని ఇక పొండన్నారు. ఇద్దరు పేదవారిని ఎదురెదురుగా నిలబెట్టి దొర తన లెక్క తాను చూసుకొన్నాడు. మే 26న రేవులో మొదలైన కొట్లాట నగరమంతటా వ్యాపించి, వందమందికి పైగా చనిపోయారు. వారిలో అధికులు మన తెలుగువారు. బర్మావాని కడుపుమంటలో న్యాయం లేకపోలేదు. మనవాని కూలిలో దోషమూ లేదు. 1938లో మళ్ళీ అల్లర్లు చెలరేగాయి. అయినా జనం పోతూనే ఉన్నారు. ఇంటి దగ్గర అప్పు తీరలేదు కదా!

1941 డిసెంబరు 23. పట్టపగలు జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. రేవులో పనిచేస్తున్నవారే మొదట బలియయ్యారు. బ్రతికినవారు నగరం విడిచి పరుగెత్తారు. కలాసీలు పోయేసరికి రేవు నిలిచిపోయింది. పాకీవారు పోయేసరికి నగరం కుళ్ళిపోయింది. ఆ మహానగరాన్ని ఇంతకాలం ఎవరి చేతులు నడిపించాయో దొరలకు ఆనాడు తెలిసివచ్చి ఉంటుంది. 1942 మార్చిలో రంగూన్ పడిపోయింది. నౌకలలో చోటు దొరికినవారు కొద్దిమంది. మిగిలినవారు నడిచారు. ప్రోమ్ నుండి కొండలు దాటి అరకాను తీరానికి కొందరు. తము మీదుగా మణిపురానికి కొందరు. హుకాంగ్ లోయ గుండా అస్సాముకు కొందరు. లక్షలమంది ఆ నడక నడిచారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి, జెలగలు, అడుసు. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి అన్న ఆక్రోశం ఆనాడే మన దేశంలో వినబడింది. ఎందరు పోయారో సరిగా లెక్క కట్టినవారు లేరు. వేలకు వేలు పోయారు.

ఆ ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద కూడ బాంబులు వేశాయి. పట్నం ఖాళీ అయి జనం పల్లెలు పట్టారు. అంటే అక్కడ భర్త ఏ బాంబులకు పారిపోతున్నాడో, ఇక్కడ భార్య కూడ అదే బాంబుల మాట వింటున్నది. మనియార్డరు ఆగిపోయింది. అంతకాలం మన జిల్లాలకు దిగుమతి అవుతున్న రంగూన్ బియ్యం కూడ ఆగిపోయింది. డబ్బూ లేదు, గింజా లేదు, మనిషి కబురూ లేదు.

ఇప్పుడు, ఇందాక మనసులో ఉంచుకోమన్న దస్తావేజును బయటికి తీయండి.

తిరిగిరాని ఒక మనిషి భార్యను తలచుకోండి. భర్త చనిపోయాడా, బ్రతికున్నాడా? చెప్పేవారు లేరు. బొట్టు ఉంచుకోవాలా, తీసివేయాలా? తెలియదు. ఏడేళ్ళు మనిషి కబురు తెలియకపోతే చనిపోయినట్లు భావించవచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టం చెప్పేది. అంటే ఏడేళ్ళు ఆమె సధవా కాదు, విధవా కాదు. పోనీ, చనిపోయినట్లు తేలిందనే అనుకొందాం. అన్నదమ్ములు వేరుపడని ఉమ్మడి కుటుంబంలో కొడుకులు లేని మనిషి పోతే, వాని పాలు అన్నదమ్ములకే చెందేది. వితంతువుకు మనోవర్తి మాత్రమే. 1937లో హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టం వచ్చి, వితంతువుకు భర్త పాలులో జీవితకాలపు హక్కు ఇచ్చింది. కాని రాష్ట్రాలలోని వ్యవసాయ భూములకు ఆ చట్టం వర్తించదని 1941లో ఫెడరల్ న్యాయస్థానం తేల్చింది. మద్రాసు రాష్ట్రంలో దానిని పొలాలకు విస్తరించినది 1947లో మాత్రమే. హుకాంగ్ లోయలో భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి 1942లో ఆ చట్టపు నీడ కూడ లేదు.

ఈ అరెకరం ఉమ్మడి ఆస్తి కాదు, నా భర్త రంగంలో బస్తాలు మోసి పంపిన డబ్బుతో నేను కొన్నది అని ఆమె అన్నదనుకోండి. నిరూపించు అంటారు మరుదులు. నిరూపించడానికి ఆమె చేతిలో ఏమున్నాయి? దాచుకొని ఉంటే, కొన్ని మనియార్డరు కూపనులు. తాను చదువలేని కూపనులు. పదిహేనేళ్ళు ఆ నేలను సాగుచేసిన చేతుల గుర్తు ఏ కాగితం మీదను లేదు. ఒక్క టపాకచేరీ ఫారం మీద, సిరాలో ముంచిన బొటనవ్రేలు తప్ప.

మళ్ళీ చెబుతున్నాను. రంగం సంపాదన ఇద్దరిది. కాగితం ఒక్కరిది.

యుద్ధం ముగిసిన పిదప కొందరు తిరిగి బర్మాకు వెళ్ళారు; కుటుంబాలతో అక్కడే స్థిరపడినవారు కూడ ఉన్నారు. 1948లో బర్మా స్వతంత్రమైనది. 1962లో సైన్యం అధికారం చేపట్టి, దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేసింది. 1964లో పెద్దనోట్లను రద్దు చేసింది. చేతిలో ఉన్న డబ్బు ఒక్క పూటలో చిత్తుకాగితమై, లక్షలాదిమంది భారతీయులు మళ్ళీ కట్టుబట్టలతో నౌకలెక్కారు. మద్రాసులోను, విశాఖపట్నంలోను దిగారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని నేటికీ పిలిచే పేట వారి మూలాన ఏర్పడినదే. తిరిగిరానివారి సంతతి ఈనాటికి కూడ మౌల్మీన్ పరిసరాలలో ఉన్నది. రామమందిరాలు కట్టుకొని, పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించుకొంటూ, నాలుగో తరంలో కూడ ఇంటి భాషను కాపాడుకొంటున్నది.

శ్రోతలారా, ఈ కథ ముగిసిపోయినదని నేననుకోను. రంగం పోయింది, గల్ఫు వచ్చింది, హైదరాబాదు వచ్చింది, బెంగుళూరు వచ్చింది, కొంచెం చదువుకొన్న ఇంటికి అమెరికా వచ్చింది. మనియార్డరు పోయి సెల్‌ఫోనులో డబ్బు వచ్చి పడుతున్నది. ఆలుమగలు ముఖాలు చూసుకొంటూ మాటలాడుకొంటున్నారు. అది గొప్ప మేలు, కాదనను. కాని పోయేవాడు ఈనాటికీ ఒంటరిగానే పోతున్నాడు. పొలం, పశువులు, పిల్లల చదువు, ముసలివారి మందులు, సంఘం బాకీ. ఇవన్నీ ఈనాటికీ ఇక్కడ మిగిలిన స్త్రీ నెత్తినే ఉన్నాయి. వాడు పంపుతున్నాడు అంటాం. ఆమె నిలుపుతున్నది అనము.

చట్టాలు మారాయి. 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టం స్త్రీకి సంపూర్ణమైన హక్కు ఇచ్చింది. 1986లో మన రాష్ట్రం ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పాలు ఇచ్చే చట్టం చేసింది. చట్టం తన వంతు చేసింది. మిగిలిన పని మన ఇళ్ళలో ఉన్నది.

అందుచేత, దూరదేశాన పనిచేస్తున్న అన్నదమ్ములకు, వారి తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మీరు పంపిన సొమ్ముతో చీడికాడలోనో, చోడవరంలోనో, మరొకచోటనో ఒక సెంటు నేల కొన్ననాడు, రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజు వ్రాయించేటప్పుడు, కొనుగోలుదారు అన్నచోట రెండు పేర్లు వ్రాయించండి. ఒకటి పంపినవానిది. రెండవది నిలిపినదానిది. అప్పులో ఆమెకు పాలున్నప్పుడు, చాకిరిలో ఆమెకు పాలున్నప్పుడు, పట్టాలో పాలుండడం దయ కాదు, లెక్క. రంగం వెళ్ళిన ఇళ్ళు ఆ లెక్క తప్పినాయి. గల్ఫు వెళ్ళిన ఇళ్ళు తప్పనక్కరలేదు.